ఇంకొక్క బోరు

నల్లగొండ జిల్లా ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని 2004లో పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. రెండు వేల ఎకరాల సాగుకు ఆరు వేలకు పైగా బోర్లు. నాలుగు బోర్లు పోయాక ఐదోది ఎందుకు వేశారని బయటివాళ్లు అడుగుతారు. అత్యాశ అని సరిపెట్టుకోవడం రైతుకు అన్యాయం చేయడమే. ఆ ఐదో బోరులో రాయి గుణమూ ఉంది, మనసు గుణమూ ఉంది.

ముందు రాయి సంగతి. నల్లగొండ, పాలమూరు నేలల కింద ఉన్నది ప్రధానంగా గ్రానైటు, నైసు శిలలు. గట్టి రాతి ఒంట్లో నీరు ఇంకదు. పైన రాయి శిథిలమై మొరంగా మారిన పొర ఉంటుంది, నీళ్లు నిలిచేది ఎక్కువగా అందులోనే. దాని కింద పగుళ్ల పొర, ఆ పగుళ్ల వెంట నీరు నడుస్తుంది. ఇంకా దిగితే పగుళ్లు పలచబడతాయి. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి పరిశోధించి, నీళ్లిచ్చే పగుళ్లలో అత్యధికం పైనున్న కొన్ని పదుల మీటర్లలోనే ఉన్నాయని తేల్చారు. కానీ తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండికి లోతును బట్టి అడుగు ధర పెరుగుతుంది. అంటే నీళ్లు పడే ఆశ తగ్గుతున్న చోటే ఖర్చు పెరుగుతుంది.

అయినా ఎక్కడో ఎనిమిది వందల అడుగుల దగ్గర ఒక పగులు తగిలి రెండించుల నీళ్లు ఎగజిమ్ముతాయి. ఊరంతా వచ్చి చూసేది ఆ బోరునే. దుమ్ము లేచిన బోరు మీద రాయి పెట్టి మూసేస్తారు, ఏడాది తిరిగేసరికి అది ఎవరి లెక్కలోనూ ఉండదు. పక్క చెలకలో పడ్డ నీళ్లు కళ్లముందు పారుతుంటే, పడని పది బోర్లను గుర్తుపెట్టుకోవడం ఎంత తెలివైనవారికైనా కష్టమే.

'ఇన్నిసార్లు పోయింది, ఈసారి పడి తీరుతుంది' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. 1913లో మాంటెకార్లో జూదశాలలో రౌలెట్ బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఈసారి ఎరుపు తప్పదంటూ పందెం కాసినవాళ్లు లక్షలు పోగొట్టుకున్నారు. బంతికి జ్ఞాపకం లేదు. నేల విషయంలో ఈ పొరపాటు ఇంకా పెద్దది. ఎండిన ప్రతి బోరూ ఆ నేల గురించి ఒక సమాచారం ఇస్తుంది, అందుకే అదే చెలకలో తర్వాతి బోరుకు ఆశ సాధారణంగా తగ్గాలి. లెక్క కోసం మూడింట ఒక బోరుకు నీళ్లు పడతాయనుకుందాం. ఒక బోరు ఫలితం మరోదాని మీద ఆధారపడకపోయినా, వరుసగా మూడూ పోయే అవకాశం దాదాపు 30 శాతం. పదిమంది మూడేసి బోర్లు వేస్తే ముగ్గురికి ఒక్కటీ పడదన్నమాట. అది వాళ్ల తలరాత కాదు, లెక్కలో ముందే ఉన్న సంగతి.

తర్వాత పోయిన డబ్బు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపుకు అమ్మించారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ అవే, పెట్టిన డబ్బే వాళ్లను లాక్కెళ్లింది. నష్టంలో ఉన్న మనిషి పోయినదాన్ని రాబట్టుకోవడానికి మామూలుగా చేయని సాహసం చేస్తాడని 1979లో కానమన్, ట్వెర్స్కీ చూపించారు. నల్లగొండ బత్తాయి రైతు సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటాడు. కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పట్టే చెట్లు కళ్లముందు వాడిపోతుంటే, పుస్తెలు కుదువపెట్టైనా బోరు బండిని పిలుస్తాడు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష, ఏమీ కట్టకపోతే యాభై నెలల్లో మిత్తితోనే ఇంకో లక్ష అవుతుంది. బండిని పిలిచే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇప్పటిదాకా ఎంత పెట్టామన్నది కాదు. ఈ లక్ష కూడా పోతే ఇల్లు నడుస్తుందా? ఆ ప్రశ్న ఇంట్లో ఆడవాళ్ల ముందు పెట్టాలి. తాకట్టుకు వెళ్లేది వాళ్ల బంగారమే, తర్వాత కూలికి నడిచేదీ వాళ్లే.

ఇక నమ్మకం. బోరు వేసే ముందు కొబ్బరికాయ కొట్టి మొక్కడం భక్తి, దానితో ఎవరికీ పేచీ లేదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోటే పాయింటు పెట్టించడం మాత్రం డబ్బుకు సంబంధించిన నిర్ణయం. 1980ల చివర మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో కింద నీటి గొట్టాన్ని జరుపుతూ, అదెక్కడుందో పై అంతస్తు నుంచి చెప్పమని జల చూసేవాళ్లను పరీక్షించారు. ఆ ఫలితాలను తిరిగి విశ్లేషించిన జిమ్ ఎన్‌రైట్‌కు గుడ్డి ఊహకు మించిన నైపుణ్యం కనబడలేదు. జల చూసేవారి చేతిలో పుల్ల కదలడం నిజమే, వాళ్లు మోసగాళ్లేమీ కారు. మనకు తెలియకుండానే కండరాలు చేసే చిన్న కదలికే దానికి కారణమని విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు. భూమిలోకి కరెంటు పంపి రాతి నిరోధకతను కొలిచే సర్వే కూడా హామీ ఇవ్వదు, కానీ మొరం పొర ఎంత మందముందో చెబుతుంది. వద్దు అని చెప్పగలగడమే దాని పెద్ద ఉపయోగం.

ఇంత తెలిసినా ఒక్క రైతు ఒంటరిగా తెలివైన నిర్ణయం తీసుకోలేడు. తన బోరు ఆపితే ఆ నీళ్లు పక్కవాళ్ల బోరులోకి పోతాయి. అన్నదమ్ముల చెలకల మధ్య గట్టు ఉంటుంది, కింద పగుళ్లకు ఉండదు. ఈ ముడిని విప్పబోయిన ప్రయత్నాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఏపీఎఫ్ఏఎంజీఎస్, అంటే భూగర్భ జలాల నిర్వహణను రైతుల చేతికే ఇచ్చిన పథకం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో 2000 దశకంలో నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, యాసంగికి ముందు కూర్చుని ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయో లెక్క తేల్చారు. ఎవరికీ నిషేధం లేదు, ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క చూసుకున్నాక చాలామంది వరి తగ్గించుకుని తక్కువ తడులతో పండే పంటలకు మళ్లారు. వాళ్లకు అదనంగా దొరికింది నీళ్లు కాదు, ఎన్ని నీళ్లున్నాయన్న అంకె. వరి విత్తాలా, వేరుశనగ విత్తాలా అన్న మాట ఆ అంకె ముందు కూర్చుని తేల్చుకున్నారు.