ఫోన్ చాలు, బైక్ కంప్యూటర్ ఎందుకన్నాను.. డోర్డోన్ లోయలో నా రివ్యూ తేలిపోయింది

గత డిసెంబర్‌లో ఇక్కడే ఒక రివ్యూ రాశాను. మంచి ఫోన్, గట్టి మౌంట్ ఉంటే సైకిల్‌కి విడిగా బైక్ కంప్యూటర్ కొనక్కర్లేదన్నది అందులో నా తీర్పు. ఆ మాట నమ్మి మౌంట్ కొన్నామని మీలో కొందరు మెయిల్ కూడా చేశారు. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. ఎందుకో చెప్పాలంటే ఫ్రాన్స్ దాకా వెళ్లాలి.

ఆగస్టులో పని మీద బోర్డో వెళ్లాను. అక్కడ చదువుకుంటున్న మా ఇంటర్ ఫ్రెండ్ ఒకడు శనివారం పొద్దున్నే రైలెక్కించి సార్లా తీసుకెళ్లాడు. అక్కడ రోడ్ బైకులు అద్దెకు తీసుకుని డోర్డోన్ నది వెంట కోటలు చూస్తూ ఒక రౌండ్ కొట్టి, సాయంత్రం రైలుకి తిరిగి రావడం ప్లాన్. వాడి హ్యాండిల్‌బార్ మీద చిన్న బైక్ కంప్యూటర్, రంగులు వెలిసిపోయినట్టుండే స్క్రీన్. నా హ్యాండిల్‌బార్ మీద 6.7 అంగుళాల అమోలెడ్. వాడి స్క్రీన్ చూసి నవ్వాను కూడా. రూట్ మ్యాప్, ఇద్దరి రైలు టికెట్లు, నా పేమెంట్ కార్డ్ అన్నీ నా ఫోన్‌లోనే. పర్సు బరువెందుకని హోటల్లో వదిలేశాను.

ఈ ప్రాంతం మ్యాప్‌లో చదునుగా కనిపిస్తుంది గానీ అసలు చదునే లేదు. దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. మధ్యలో వాల్‌నట్ తోటలు, మొక్కజొన్న చేలు, తేనె రంగు రాతి ఇళ్లు. విట్రాక్ దగ్గర నది దాటాక డోమ్ ఊరి ఎక్కుడు మొదలైంది. 1281లో మూడో ఫిలిప్ రాజు కట్టించిన కోట ఊరు ఇది, నది మట్టానికి దాదాపు 150 మీటర్ల పైన కొండ అంచున ఉంటుంది. 2017 టూర్ డి ఫ్రాన్స్ ఈ ఎక్కుడు మీదుగానే వెళ్లింది. వాళ్ల లెక్కలో ఇది నాలుగో కేటగిరీ, అంటే అన్నిటికంటే తేలికైనది. నాకు మాత్రం పైకి చేరేసరికి నోట మాట రాలేదు.

అప్పటికి టైమ్ పదకొండున్నర. బ్యాటరీ 41 శాతం. ఎండలో మ్యాప్ కనిపించాలంటే బ్రైట్‌నెస్ ఫుల్‌లో ఉండాలి, మరి. పవర్ బ్యాంక్ తగిలించాను. అక్కడే తప్పు చేశాను. ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, మొబైల్ డేటా, పైన ఎండ, వీటికి తోడు చార్జింగ్ వేడి.

డోమ్ నుంచి దిగి, సెనాక్ దగ్గర మళ్లీ నది దాటి లా రోక్ గజాక్ చేరాం. ఈ ఊరిని ఫొటోల్లో చూసే ఉంటారు. ఒక పక్క నది, ఇంకో పక్క నిట్టనిలువు కొండ, మధ్యలో ఒక్క రోడ్డు, కొండకి అతుక్కున్న ఇళ్లు. కొండ దక్షిణం వైపు తిరిగి ఉండటంతో రోజంతా ఎండను పీల్చి వేడిని రోడ్డు మీదికి వదులుతుంది. ఎంతలా అంటే, ఫ్రాన్స్ మధ్యలో ఇక్కడ అరటిచెట్లు పెరుగుతున్నాయి! గుంటూరు ఎండలు చూసినవాడికి ఇదో లెక్కా అనుకున్నాను. లెక్క నాది కాదు, ఫోన్‌ది. ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే పరిమితే 35 డిగ్రీలు. మన ఆండ్రాయిడ్లు కూడా అందుకు పెద్ద దూరంలో ఉండవు.

ముందు మ్యాప్‌లో నీలం చుక్క నదిలోకి దూకింది. తర్వాత ఇళ్ల మీదికి ఎక్కింది. "వెనక్కి తిరగండి" అంటోంది యాప్. తర్వాత స్క్రీన్ దానంతటదే మసకబారింది, టెంపరేచర్ వార్నింగ్ వచ్చింది, ఆగిపోయింది. మావాడు అప్పటికే బేనాక్ వైపు వెళ్లిపోయాడు.

ఒక కేఫ్ ముందు నీడలో ఆగాను. నీళ్ల బాటిల్ కొందామంటే కార్డు ఫోన్‌లో ఉంది. నా మొహం చూసి ఆ కేఫ్ ఆవిడ గ్లాసుతో నీళ్లిచ్చి, ఫోన్ వైపూ ఫ్రిజ్ వైపూ చూపించింది, అందులో పెట్టనా అన్నట్టు. వద్దన్నాను. వేడి ఫోన్‌ని ఒక్కసారిగా చల్లబరిస్తే లోపల తేమ పడుతుంది. మీరు కూడా ఎప్పుడూ ఆ పని చేయకండి. కేస్ తీసేసి, కేబుల్ పీకేసి, నీడలో రాతి మీద పెట్టి కూర్చున్నాను. అరగంట. రైలు పోతే పోయింది, వాడి టికెట్ కూడా నా దగ్గరే ఉందే అన్నదే బెంగ.

ఆ అరగంటలో ఒక విషయం తట్టింది. డిసెంబర్ రివ్యూ కోసం నేను టెస్ట్ చేసింది ఎక్కడ? హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ మీద. 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్లు. అంటే నీడలో, చదును రోడ్డు మీద, చలికాలంలో టెస్ట్ చేసి తీర్పు చెప్పాను! పక్కన కొండ కూడా లేదు.

కొండ సంగతి ఎందుకంటే, చుక్క నదిలోకి దూకింది దాని వల్లే. కొండ సగం ఆకాశాన్ని మూసేస్తుంది. కొన్ని శాటిలైట్ల సిగ్నల్ నేరుగా రాకుండా రాతికి తగిలి తిరిగొస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఆ సిగ్నల్‌ని ఫోన్ ఎక్కువ దూరంగా లెక్కేస్తుంది. పాత ఎల్1 సిగ్నల్ కంటే ఎల్5 సిగ్నల్ కోడ్ పది రెట్లు వేగంగా నడుస్తుంది కాబట్టి, ఏది అసలు ఏది ప్రతిధ్వని అన్నది విడదీయడం చిప్‌కి తేలిక. మన నావిక్ శాటిలైట్లు వాడేది కూడా ఎల్5 బ్యాండే. నాది ఎల్1 మాత్రమే ఉన్న మిడ్ రేంజ్ ఫోన్. స్పెక్ షీట్‌లో "డ్యూయల్ ఫ్రీక్వెన్సీ" అన్న మాట దగ్గర మీరు ఆగుతారో లేదో గానీ, నేను ఇన్నాళ్లూ దాటేసేవాణ్ని.

ఫోన్ లేచింది. 28 శాతం. స్క్రీన్ ఆపి జేబులో వేసుకుని బోర్డులు చూసుకుంటూ తొక్కాను. నిజానికి మ్యాప్‌తో పనే పడలేదు. బేనాక్ కోట ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది, అందుకోసమే కట్టారు కదా. పైన గుమ్మం దగ్గర మావాడు.

"ఏరా, ఎక్కడ చచ్చావ్? ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ వస్తోంది."

పైనుంచి చూస్తే నదికి అవతల కాస్టెల్నో కోట. నూరేళ్ల యుద్ధంలో బేనాక్ ఫ్రెంచ్ వాళ్లది, కాస్టెల్నో చాలాకాలం ఇంగ్లిష్ వాళ్ల చేతిలో ఉంది. 1453 దాకా సాగిన యుద్ధంలో రెండు శత్రు కోటలు ఇలా ఒకదాన్నొకటి చూసుకుంటూ! కోట కట్టేవాడికీ సెల్ టవర్ కట్టేవాడికీ కావలసింది ఒకటే, అడ్డం లేని చూపు. మరి పైన ఫుల్ సిగ్నల్, కింద లోయ మలుపుల్లో నాకు ఒక్క గీత కూడా లేదు. కాస్టెల్నోలో ఇప్పుడు మధ్యయుగపు యుద్ధ మ్యూజియం ఉంది, పెద్ద పెద్ద రాళ్లు విసిరే ట్రెబుషే యంత్రాలు తిరిగి తయారుచేసి నిలబెట్టారు. నాకు లోయంతటిలో అన్నిటికంటే నచ్చిన గాడ్జెట్లు అవే. ఆ పక్కనే జోసెఫిన్ బేకర్ ఉన్న మిలాండ్ కోటకి వెళ్లే టైమ్ లేదు. నా అరగంట దాన్ని మింగేసింది.

సార్లా చేరాక లెక్కలు పోల్చాం. వాడి కంప్యూటర్‌లో మొత్తం ఎక్కిన ఎత్తు 610 మీటర్లు. నా ఫోన్‌లో, మధ్యలో అరగంట చచ్చి కూడా, 880! వాడిదాంట్లో బారోమీటర్ ఉంది. ఎనిమిది మీటర్లు ఎక్కితే గాలి ఒత్తిడి దాదాపు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, అది పట్టుకుంటుంది. నా ఫోన్‌లో బారోమీటర్ లేదు, ఎత్తు కూడా జీపీఎస్‌తోనే. శాటిలైట్లన్నీ పైనే ఉంటాయి, కింద భూమి అడ్డం. అందుకే జీపీఎస్‌కి ఎత్తు ఎప్పుడూ బలహీనమే. ఇక నేను నవ్విన ఆ వెలిసిపోయిన స్క్రీన్ ఎండని వెనక్కి తిప్పి, ఆ వెలుతురుతోనే కనిపిస్తుంది. ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. సాయంత్రానికి దాని బ్యాటరీ 82 శాతం.

కాబట్టి కొత్త తీర్పు. రోజూ ఆఫీసుకి, ట్రాక్ మీద గంటసేపు అయితే ఫోన్ చాలు, ఆ మాట మార్చను. ఎండలో నాలుగైదు గంటలు, గుట్టల్లో అయితే మాత్రం చవకదైనా సరే బారోమీటర్ ఉన్న బైక్ కంప్యూటర్ కొనండి. ఫోన్ జేబులో ఉంచండి. పాత రివ్యూలో ఆ పేరా ఇవాళ పొద్దున మార్చి, పైన తేదీ వేశాను.

రైలు దొరికింది. టికెట్ చెకర్ వచ్చేసరికి ఫోన్ 3 శాతం. రెండు కోడ్‌లూ స్కాన్ అయ్యేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆయన పక్క సీటుకి వెళ్లగానే మావాడు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. తన టికెట్ పొద్దున్నే ప్రింట్ తీసుకున్నాడట.

"ముందే చెప్పొచ్చు కదరా!"

"రివ్యూ రాశావు కదా, టెస్ట్ పూర్తిగా జరగనీ అని."