వాక్స్వాతంత్ర్యము - దాని యెల్లలు

మాటలాడు శక్తి మనుజునకు పుట్టుకతో వచ్చినది. నిర్భయముగా మాటలాడు హక్కును మాత్రము చట్టము కాపాడవలసియున్నది. చట్టములు దేశదేశమునకు వేరగుటచే, ఒకచోట చెల్లిన మాట వేరొకచోట నేరమగుచున్నది.

మన రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చెను. దానిని నిర్మించిన సభలో, తిరుపతి చెంతనున్న తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు సభ్యులు. రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులకు వాక్స్వాతంత్ర్యము నొసగినది. కొలది వారములకే ఆ హక్కునకు పరీక్ష యెదురయ్యెను.

ఆనాడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములో నుండెను. బొంబాయిలో రమేశ్ థాపరు ప్రచురించుచుండిన 'క్రాస్ రోడ్స్' అను ఆంగ్ల వారపత్రిక తమ రాష్ట్రమునకు రారాదని మద్రాసు ప్రభుత్వము 1950 మార్చి 1వ తేదీన ఉత్తరువు చేసెను. బొంబాయిలో చదువదగిన పత్రిక చిత్తూరులో చదువరానిదయ్యెను! థాపరు సుప్రీంకోర్టు నాశ్రయించెను. మే 26వ తేదీన న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివేసెను. అచ్చు వేయుటకు స్వేచ్ఛయుండి, పాఠకులకు చేర్చుటకు లేకున్నచో ఆ స్వేచ్ఛ వలన ప్రయోజనము స్వల్పమని న్యాయమూర్తి పతంజలి శాస్త్రిగారు వ్రాసిన తీర్పు సారాంశము.

తరువాత 1951లో పార్లమెంటు రాజ్యాంగమును తొలిసారిగా సవరించి, ప్రజాశాంతి, విదేశములతో మైత్రి, నేరమునకు పురికొల్పకుండుట అను కారణములచేతను ఈ హక్కునకు ఎల్లలు విధింపవచ్చునని చేర్చెను. ఐతే ఆ యెల్లలు సహేతుకములుగా నుండవలెనని కూడ నియమించెను.

ఇతర దేశముల మార్గములు వేరు. అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేరిన మొదటి సవరణ, వాక్స్వాతంత్ర్యమును హరించు శాసనము చేయరాదని అచ్చటి కాంగ్రెసును కట్టడి చేసినది. హింసను సమర్థించు ప్రసంగమైనను, తక్షణ దౌర్జన్యమునకు పురికొల్పి దానిని కలిగింపగలదైన తప్ప శిక్షింపరాదని 1969లో అచ్చటి సుప్రీంకోర్టు నిర్ణయించెను. జర్మనీలోనో, యూదుల సామూహిక వధ జరుగనే లేదని బహిరంగముగా బొంకుట నేరము. నాజీల పాలనలో ద్వేషభాషణము ఎట్టి ఘోరములకు దారితీసెనో ఆ దేశమెరుగును. ప్రతి దేశమును తాను తిన్న దెబ్బను బట్టి కంచె వేసికొన్నది.

బాలబాలికలారా! 1950లో పత్రికను రాష్ట్రపు టెల్లకడ ఆపగలిగిరి. నేడు తిరుపతిలో సెల్‌ఫోనున వ్రాసిన వాక్యమును అమెరికాలోని పినతండ్రియు, జర్మనీలోని మిత్రుడును క్షణములో చదువుదురు. వాక్యము ఒక్కటే, దానిని తూచు త్రాసులు మూడు. అందుచేతనే అంతర్జాల సంస్థలు ఒకే వ్రాతను ఒక దేశమున చూపి, మరియొక దేశమున మరుగుపరచుటయు కలదు.

మన దేశమున 2008లో సమాచార సాంకేతిక చట్టమును సవరించి 66ఏ అను సెక్షనును చేర్చిరి. చికాకు కలుగునట్టి కొన్ని సందేశములను పంపుటయు దాని ప్రకారము నేరము. ఏది చికాకో చట్టము చెప్పలేదు. ఒకరికి హాస్యమైనది వేరొకరికి చికాకు కావచ్చును గదా! 2015 మార్చి 24వ తేదీన సుప్రీంకోర్టు ఆ సెక్షనును రద్దు చేయుచు, 'క్రాస్ రోడ్స్' తీర్పును కూడ ఉదాహరించెను. అరువదియైదేండ్ల క్రిందటి వారపత్రిక వ్యాజ్యము ఈనాటి సెల్‌ఫోను మాటకు అండయైనది.

అంతమాత్రమున ఏమి వ్రాసినను చెల్లునని తలపరాదు. పరుల పరువు తీయుట, నేరమునకు పురికొల్పుట నేటికిని శిక్షార్హములే. కావున వ్రాయుటకు ముందు, ఇది సత్యమా, ఎవరికైన హాని చేయునా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. నోటికి ఎల్ల విధించు చట్టమును సైతము, ఇది సహేతుకమా యని ప్రశ్నింపవలెను. ఈ రెండు ప్రశ్నలను అడుగనేర్చినవాడే స్వతంత్ర పౌరుడు.