వాటర్ బాటిల్ నిండుగా తిరిగొస్తోందా?

మా అమ్మాయి ఏడో తరగతి. పొద్దున నింపిచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. రెండుసార్లు మూత్రంలో మంట, జ్వరం. నీళ్లు తాగక, ఆపుకోవడం వల్లేనన్నారు డాక్టరమ్మ. కోప్పడితే, "తాగితే బాత్రూంకి వెళ్లాలి కదమ్మా! అక్కడ గడియ పడదు, నీళ్లు రావు" అంది. వేలకు వేలు ఫీజు కట్టే ప్రైవేటు బడి మరి! మా పనావిడ కూతురు చదివే సర్కారు బడిలోనూ ఇదే కథట.

ఏ బడైనా సరే, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు, తాగేందుకు మంచినీళ్లు ఉండాల్సిందేనంటోంది 2009 నాటి విద్యాహక్కు చట్టం. నలుగురు తల్లులం కలిసి హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగాం. వారం తిరక్కుండా గడియ బిగించారు, కుళాయి బాగుచేయించారు. రోజూ కడిగే ఆయా కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్తే మార్కులతోపాటు మరుగుదొడ్డీ చూసి రండి.