మాట రాదా, భాష రాదా? దంతెవాడ బడుల్లో ఆటిజం గుర్తింపు ఎందుకు కష్టం?

దంతెవాడ జిల్లాలో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు టీచరు పిలిస్తే పలకడం లేదనుకుందాం. కారణాలు చాలా ఉండొచ్చు. ఇంట్లో విన్నది గోండీ లేదా హల్బీ, బడిలో వినిపిస్తున్నది హిందీ. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంటూ బెంగ పెట్టుకుని ఉండొచ్చు. వినికిడి లోపం ఉండొచ్చు. ఆటిజం కూడా కావచ్చు. తరగతి గదిలో ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కానీ ఒక్కోదానికి కావాల్సిన సాయం వేరు.

ఆటిజం రోగం కాదు, మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఎదుటివారితో మాట కలపడం, వాళ్ల ఉద్దేశాన్ని పట్టుకోవడం ఈ పిల్లలకు కష్టం. కొందరు అసలు మాట్లాడరు. కొందరు విన్న మాటనే తిరిగి చెబుతుంటారు. ఒకే పనిని పదేపదే చేయడం, అలవాటైన క్రమం మారితే కలత చెందడం, శబ్దాన్నో వెలుతురునో స్పర్శనో తట్టుకోలేకపోవడం కూడా చాలామందిలో ఉంటాయి.

తేడా తెలిసేది ఇంటి భాషలోనే

హిందీ రాని పిల్లవాడు సైగ చేస్తాడు, పక్కవాణ్ని చూసి అనుసరిస్తాడు, ఆటవిడుపులో తన భాషలో గలగలా మాట్లాడతాడు. ఆటిజం ఉన్న పిల్లవాడికి మాట కలపడంలోని ఇబ్బంది సొంత భాషలోనూ ఉంటుంది. అందుకే మొదట అడగాల్సింది తల్లిని, అదీ ఆమె భాషలో. 'ఇంట్లో ఏదైనా కావాలంటే ఎలా అడుగుతాడు? వేలితో చూపిస్తాడా? తోటి పిల్లలతో ఆడతాడా?' అన్న ప్రశ్నలు అంగన్‌వాడీ కార్యకర్తో, ఊళ్లో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే మితానినో వేయగలరు. వినికిడి పరీక్షా తప్పనిసరి.

ఇంట్లో గోండీ మానేసి హిందీ మాట్లాడమని సలహా ఇవ్వడం పొరపాటు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి భాష తీసేస్తే పిల్లవాడికి అర్థమయ్యే కొద్ది మాటలూ పోతాయి. 18 స్థానిక భాషల్లో ప్రాథమిక విద్య అందిస్తామని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఆ మాట అమలైతే ఎక్కువ మేలు పొందేవారిలో ఈ పిల్లలూ ఉంటారు.

హాస్టల్ బడిలో అదనపు భారం

2005లో సల్వా జుడుం మొదలయ్యాక సాగిన హింసలో దక్షిణ బస్తర్‌లో ఎన్నో ఊళ్ల బడులు ధ్వంసమయ్యాయి. వాటి స్థానంలో వెదురుతో కట్టిన పోర్టా క్యాబిన్ హాస్టల్ బడులు వచ్చాయి. గీదం దగ్గర జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ వెలిసింది. వైకల్యం ఉన్న పిల్లల కోసం 'సక్షమ్' ఆశ్రమ పాఠశాల అక్కడే ఉంది. చూపు, వినికిడి, కదలిక లోపాలున్న పిల్లలు కొంత తేలిగ్గానే గుర్తింపులోకి వస్తారు. ఆటిజం అలా కాదు. ఆ పిల్లలు మామూలు బడిలోనే 'మొండివాడు', 'మందబుద్ధి' అన్న పేరుతో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

వందల మంది కలిసి తినే భోజనశాల, ఒక్కసారిగా మోగే గంట, కిక్కిరిసిన పడక గది శబ్దం భరించలేని పిల్లవాడికి నరకం. చెవులు మూసుకుని అరిచినా, పారిపోయినా అది అల్లరి కాదు. కొట్టడం పరిష్కారమూ కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది.

చట్టం ఏం చెబుతోంది?

1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి దాన్ని చేర్చింది. 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ధ్రువీకరణ అయిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు దగ్గరలోని బడిలోనైనా, తాము ఎంచుకున్న ప్రత్యేక బడిలోనైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ధ్రువీకరణకు వాడే ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ రూపొందించినదే. ఇందులో 40 అంశాలు ఉంటాయి. మొత్తం స్కోరు 70 లేదా అంతకుమించి ఉంటే ఆటిజం ఉన్నట్టు లెక్క. పిల్లవాణ్ని గమనించి, తల్లిదండ్రులను అడిగి స్కోరు వేస్తారు. అడిగేవారికీ చెప్పేవారికీ ఉమ్మడి భాష లేకపోతే ఆ స్కోరును ఎంతవరకు నమ్మగలం?

అయితే బడి సర్టిఫికెట్ కోసం ఆగాల్సిన పని లేదు. ప్రతి విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని 2016 చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. అక్కడ 40 శాతం షరతు లేదు.

ఆ సర్దుబాట్లకు పెద్ద ఖర్చూ అక్కర్లేదు. ప్రార్థన, పాఠం, భోజనం, ఆట ఏ వరుసలో వస్తాయో బొమ్మలతో గోడకు అంటించవచ్చు. గంట కొట్టే ముందు చెప్పవచ్చు. ఒకసారి ఒకే సూచన ఇవ్వడం, దాన్ని పిల్లవాడి భాషలో చెప్పడం, నోటితో చెప్పలేకపోతే బొమ్మ చూపించినా జవాబుగా తీసుకోవడం, తలుపుకు దూరంగా కూర్చోబెట్టడం, కలత చెందినప్పుడు వెళ్లేందుకు ఒక నిశ్శబ్దమైన మూల ఉంచడం, కళ్లలోకి చూడమని బలవంతం చేయకపోవడం ఏ టీచరైనా చేయగలిగినవే.

కానీ టీచరు ఒక్కరే అన్నీ చేయలేరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అవసరమైన పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. అడవిలో విసిరేసినట్టుండే పల్లెల్లో ఒక్కో బడికి అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. అక్కడ బడి బడికీ తిరిగే ఉపాధ్యాయులే దారి. తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లోని భవిత కేంద్రాలు, వాటి రిసోర్స్ పర్సన్లు ఇలాంటి ఏర్పాటుకు ఒక నమూనా. దంతెవాడలో దానికి ఇంకో షరతు కూడా కలపాలి: వచ్చే మనిషికి గోండీ రావాలి, లేదా గోండీ వచ్చిన మనిషి వెంట ఉండాలి.