గ్యాస్‌ బండలా... బ్యాటరీ!

వంటింట్లో గ్యాస్‌ అయిపోతే ఏంచేస్తాం? ఖాళీ బండ ఇచ్చేసి నిండుది తెచ్చుకుంటాం. ఆటో బ్యాటరీనీ అలాగే మార్చుకుంటే?

చేతన్‌ మైనీ చేస్తున్నది అదే. ఈ బెంగళూరు ఇంజినీరు అమెరికాలోని మిషిగన్‌ యూనివర్సిటీలో చదువుతుండగా సౌరశక్తి కారు తయారుచేసిన విద్యార్థి బృందంలో ఒకరు. 1990లో ఆ కారు అమెరికా పోటీలో ప్రథమ స్థానం, ఆస్ట్రేలియాలో మూడువేల కిలోమీటర్ల పందెంలో తృతీయ స్థానం సాధించింది. స్టాన్‌ఫర్డ్‌లో పీజీ చేశాక, ఆయన కష్టంతో 2001లో 'రేవా' రోడ్డెక్కింది. ఓసారి ఛార్జ్‌ చేస్తే 80 కిలోమీటర్లు వెళ్లే బుల్లి కారు. లండన్‌లో 'జీ-విజ్‌' పేరుతో అమ్మారు. నగరం నడిబొడ్డుకి వెళ్లే కార్లు కట్టాల్సిన రద్దీ రుసుము దీనికి లేకపోవడం అక్కడ కలిసొచ్చింది. అయినా 2013 నాటికి ప్రపంచమంతా కలిపి అమ్ముడైనవి సుమారు 4,600. ఈలోగా, 2010లోనే కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది.

మైనీ మాత్రం కరెంటు బండిని వదల్లేదు. కరెంటు బండిలో బాగా ఖరీదైనది బ్యాటరీ. పైగా ఛార్జింగ్‌ కోసం గంటలకొద్దీ ఆగితే ఆటోవాలాకి ఆ పూట సంపాదన పోయినట్టే. అందుకే 2017లో ఉదయ్‌ ఖేమ్కాతో కలిసి 'సన్‌ మొబిలిటీ' పెట్టారు. బ్యాటరీ లేకుండా బండి కొనుక్కోవచ్చు. ఛార్జింగ్‌ తగ్గితే కేంద్రానికెళ్లి నిమిషాల్లో మార్చుకోవచ్చు. వాడుకున్నదానికే డబ్బు.

కారుతో మొదలైన ఆయన ప్రయాణం ఇప్పుడు ఆటోలూ బస్సుల దాకా వచ్చింది. రోజంతా తిరిగే బండ్లే కదా ఎక్కువ పొగ వదిలేది!