పగటి నిద్రలో దాగిన వ్యాధి

ఎక్కువగా నిద్రపోవువానిని మనము కుంభకర్ణుడని పరిహసింతుము. పాఠము జరుగుచుండగా తల వాల్చిన విద్యార్థిని బల్ల మీద నిలబెట్టుదుము. మధ్యాహ్నపు వేళ కునికిపాట్లు పడు గుమాస్తాను సోమరి అందుము. మనస్సు గట్టిగా ఉన్నచో ఎవరైనను మెలకువగా ఉండగలరను నమ్మకము ఈ మాటలన్నిటి వెనుక ఉన్నది. చాలమంది విషయమున ఇది నిజమే. కాని మెలకువను నిలుపు ఏర్పాటే మెదడులో చెడిపోయినవారు కొందరున్నారు. వారు ఎంత పట్టుదల గలవారైనను నిద్ర వారిని విడువదు. ఈ వ్యాధికి నార్కోలెప్సీ అని పేరు. సుమారు రెండువేల మందిలో ఒకరికి ఇది ఉండునని అంచనా.

నిద్రకు, నాడీమండలమునకు సంబంధించిన వ్యాధులను చూచు వైద్యశాలలకు ఇట్టివారు చిట్టచివరకు చేరుదురు. ఈ వ్యాధి సాధారణముగా బడి, కళాశాల దినములలోనే మొదలగును. దాని పేరు తెలియుటకు మాత్రము ఎనిమిది, పది సంవత్సరములు పట్టుట అరుదు కాదు. ఈ లోపల చదువు చెడును, ఉద్యోగము పోవును, ఇంటిలో మాటలు పడవలసివచ్చును. అందుచేత ఆ వైద్యశాలలో రోగులు చెప్పుకొను అనుభవము లెట్టివో, వాటి వెనుక శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులేవో అందరును తెలిసికొనదగినవి.

రోగులు చెప్పు నాలుగు మాటలు

ఏ దేశమునందైనను ఈ రోగులు చెప్పు మాటలు ఇంచుమించు ఒకటే.

మొదటిది, ఆపుకొనలేని నిద్ర. రాత్రి కావలసినంతసేపు పడుకొన్నను, భోజనము చేయుచుండగా, మాటలాడుచుండగా, బండి నడుపుచుండగా కూడ నిద్ర వచ్చి మీద పడును. పది, పదునైదు నిమిషములు కునుకు తీసిన తరువాత మనస్సు తేటపడును. రెండు మూడు గంటలలో మరల అదే స్థితి.

రెండవది వినుటకు వింతగా తోచును. కడుపార నవ్వినప్పుడో, అనుకోని సంతోషము కలిగినప్పుడో మోకాళ్లలో పట్టు తప్పును. దవడ జారును, చేతిలోని గ్లాసు క్రిందపడును. ఒక్కొక్కప్పుడు మనిషే కూలబడును. దీనిని కెటాప్లెక్సీ అందురు. చూచువారు మూర్ఛ యని భ్రమపడి తాళపుచెవి చేతిలో పెట్టుదురు. కాని ఆ సమయమున రోగికి తెలివి తప్పదు. చుట్టునున్నవారి మాటలన్నియు వినిపించుచుండును. బదులు చెప్పుటకు మాత్రము నోరు కదలదు. ఒకటి రెండు నిమిషములలో బలము తిరిగి వచ్చును.

మూడవది, మెలకువ వచ్చినను కాలు చేయి కదలకపోవుట. గుండెల మీద దయ్యము కూర్చున్నదని మనవైపు చెప్పుకొనునది ఇదియే. ఆరోగ్యవంతులకు కూడ ఎప్పుడో ఒకసారి ఇది కలుగవచ్చును. ఈ రోగులలో చాలమందికి తరచుగా కలుగును.

నాలుగవది, కన్ను మూతపడుచుండగనే కల మొదలగుట. గదిలో ఎవరో నిలిచినట్లు, పిలిచినట్లు స్పష్టముగా తోచును. ఈ సంగతి బయట చెప్పినచో పిచ్చి యందురేమోనని చాలమంది దాచుకొందురు. అడుగు వైద్యుడు దొరకిన నాడే ఇది బయటపడును.

జెలినో చూచిన రోగి

ఈ వ్యాధికి పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెలినో. ఆయన 1880లో, మద్యపు పీపాలు అమ్ముకొను 38 ఏండ్ల వర్తకుని సంగతి ప్రకటించెను. ఆ వర్తకునికి దినమునకు రెండువందల సార్ల వరకు నిద్ర ముంచుకొని వచ్చెడిది. గట్టిగా నవ్వినప్పుడు, మంచి బేరము కుదురునని సంతోషించినప్పుడు కాళ్లు కూలిపోయెడివి. జెలినో అతనిని సోమరి యనలేదు. అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, ఇది ప్రత్యేకమైన వ్యాధి యని నిశ్చయించెను. కారణము తెలియుటకు మాత్రము మరి నూట ఇరువది ఏండ్లు పట్టెను.

నిద్రలోని రెండు భాగములు

1953లో చికాగో విశ్వవిద్యాలయమున ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు నిద్రపోవువారి కనుగ్రుడ్లు కొన్ని సమయములలో రెప్పల క్రింద అతివేగముగా కదలుచున్నవని ప్రకటించిరి. అట్టి సమయమున లేపినచో మనిషి తరచుగా కల వచ్చినదని చెప్పును. దీనిని స్వప్ననిద్ర యందము. ఆరోగ్యవంతుడు మొదట నిదానమైన నిద్రలోనికి దిగి, సుమారు తొంబది నిమిషముల తరువాత మొదటిసారి స్వప్ననిద్రను చేరును. ఆ వేళ మెదడు ఒక జాగ్రత్త తీసికొనును. కలలో పరుగెత్తువాడు మంచము మీదనుండి నిజముగా పరుగెత్తకుండ, ఊపిరితిత్తులను ఆడించు కండరము, కంటి కండరములు మొదలగు కొన్నిటిని తప్ప, శరీరమందలి కండరములను సడలించివేయును.

ఇప్పుడు పై నాలుగు మాటలను మరల చూడుడు. నార్కోలెప్సీ రోగి కన్ను మూసిన పదునైదు నిమిషముల లోపలనే స్వప్ననిద్రలో పడవచ్చును. కనుకనే నిద్ర పట్టుచుండగనే కల వచ్చును. స్వప్ననిద్ర ముగియకముందే మెలకువ వచ్చినచో కండరములు ఇంకను సడలియే ఉండును. అదియే గుండెల మీది దయ్యము. ఆ సడలింపే మెలకువగా ఉన్నప్పుడు, నవ్వు వెంట వచ్చినచో కెటాప్లెక్సీ అగును. వేరువేరుగా తోచిన అనుభవములు ఒకే చెట్టు కొమ్మలని దీనివలన తేలినది.

గడియ లేని తలుపు

ఇట్లేల జరుగును? 1998లో రెండు శాస్త్రజ్ఞబృందములు మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చోట పుట్టు ఒక పదార్థమును వేరువేరుగా కనుగొన్నవి. ఒకరు దానిని హైపోక్రెటిన్ అనిరి, మరియొకరు ఒరెక్సిన్ అనిరి. మరుసటి సంవత్సరమే దాని పని బయటపడెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వంశపారంపర్యముగా నార్కోలెప్సీ గల కుక్కలను పెంచుచుండిరి. ఇష్టమైన తిండి చూపగనే అవి ఆనందము పట్టలేక కూలబడెడివి. 1999లో వాటి వ్యాధికి కారణము, ఈ పదార్థమును అందుకొను గ్రాహకపు జన్యువులోని లోపమే యని తేలెను. 2000లో ఈ వ్యాధితో మరణించినవారి మెదళ్లను పరీక్షింపగా, దానిని తయారుచేయు నాడీకణములలో నూటికి 85 మొదలు 95 వరకు నశించి ఉండెను.

మెలకువను ఒక తలుపనుకొందము. ఒరెక్సిన్ దానికి గడియ వంటిది. గడియ ఉన్న తలుపు గాలికి కదలదు. గడియ ఊడిన తలుపు చిన్న గాలికే తెరచుకొనును, మూసికొనును. అందుచేతనే ఈ రోగులు పగలు మెలకువను నిలుపుకొనలేరు. రాత్రి నిద్రను కూడ నిలుపుకొనలేక మాటిమాటికి లేచుచుందురు. శరీరమును కాపాడవలసిన రక్షకకణములే పొరబడి ఈ నాడీకణములను చంపుచున్నవని నేటి శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. కెటాప్లెక్సీ లేని మరియొక రకపు నార్కోలెప్సీలో మాత్రము ఒరెక్సిన్ సాధారణముగా తగ్గదు.

వైద్యశాలలో జరుగు పరీక్షలు

ఇచ్చట మొదటి సాధనము సంభాషణయే. రోగిని, అతనితో కూడ ఒకే గదిలో పడుకొనువారిని వైద్యుడు ప్రశ్నించును. బిగ్గరగా గురక, మధ్యమధ్య ఊపిరి ఆగుట ఉన్నచో కారణము వేరు కావచ్చును. అది గొంతు మూసికొనిపోవుటవలన కలుగు స్లీప్ ఆప్నియా. ఇది నార్కోలెప్సీకంటె ఎంతో ఎక్కువమందికి ఉండును. దానికి 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు సలివన్ ప్రకటించిన గాలి యంత్రము మంచి ఉపాయము.

పిమ్మట ఎప్‌వర్త్ పట్టిక యిత్తురు. 1991లో వెలువడిన ఈ పట్టికలో ఎనిమిది ప్రశ్నలుండును. చదువుచున్నప్పుడు, టెలివిజన్ చూచుచున్నప్పుడు, భోజనానంతరము ఊరక కూర్చున్నప్పుడు కునుకుపట్టు అవకాశమెంత అని రోగియే సున్న మొదలు మూడు వరకు మార్కులు వేసికొనవలెను. మొత్తము 24. పదికి మించినచో పగటి నిద్ర అధికమని అర్థము.

తరువాత ఒక రాత్రి వైద్యశాలలోనే పడుకొనవలెను. తలకు, కనుల ప్రక్కన, గడ్డమునకు, కాళ్లకు తీగెలు అంటించి మెదడు విద్యుత్తును, కండరముల కదలికను, ఊపిరిని తెల్లవారువరకు నమోదు చేయుదురు. ఈ తీగెలతో నిద్ర పట్టునా యని రోగులు భయపడుదురు. నొప్పి ఏమియు ఉండదు. మరునాడు పగలు రెండేసి గంటల కొకసారి, నాలుగైదు పర్యాయములు, ఇరువది నిమిషములపాటు నిద్రపొమ్మందురు. సగటున ఎనిమిది నిమిషములలోపల నిద్ర పట్టి, రెండుసార్లైనను త్వరగా స్వప్ననిద్ర కనిపించినచో వ్యాధి నిశ్చయము కావచ్చును. ఆ నిశ్చయమునకు ముందు, రోగి కొన్ని వారములు చాలినంత నిద్రపోయినాడా, వేరు మందులేవైన వాడినాడా అని కూడ విచారింతురు. నిద్ర మానుకొని పనిచేయు ఆరోగ్యవంతుడు కూడ ఈ పరీక్షలో వెంటనే నిద్రపోవచ్చును గదా!

తరువాతి జీవితము

నశించిన కణములను తిరిగి తెచ్చు చికిత్స లేదు. కాని వ్యాధిని అదుపులో ఉంచవచ్చును. మొడాఫినిల్ వంటి మందులు మెలకువను నిలుపును. కెటాప్లెక్సీకి వేరు మందులున్నవి. ఒరెక్సిన్ పని చేయగల క్రొత్త మందులు రోగులపై జరిగిన పరీక్షలలో మంచి ఫలితములు చూపినవి. మందులతోపాటు నియమమైన రాత్రినిద్ర, పగలు వేళప్రకారము పదునైదు, ఇరువది నిమిషముల కునుకు చాల మేలు చేయును. వ్యాధి అదుపులోనికి వచ్చి, వైద్యుడు సరే యనువరకు బండి నడుపరాదు.

మందు మొదలిడకముందే, వ్యాధి పేరు విన్ననాడే సగము బరువు దిగినదని చాలమంది రోగులు చెప్పుదురు. ఏండ్ల తరబడి తమను తాము నిందించుకొన్నవారికి, తప్పు తమది కాదని తెలియుటయే గొప్ప ఊరట.

కనుక చాలినంత నిద్రపోయియు పగలు నిద్రకు తాళలేని బిడ్డ మన యింటిలోగాని తరగతిలోగాని ఉన్నచో, నీకు నవ్వినప్పుడు మోకాళ్లు సడలునా అని మెల్లగా అడుగవలెను. ఔనని తల ఊపినచో భూతవైద్యుని యొద్దకు గాక నాడీవైద్యుని యొద్దకు పంపవలెను. ఆ ఒక్క ప్రశ్న అతనికి పదేండ్లు మిగుల్పవచ్చును.