పాత లారీకి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్: రంగు, పూత, బిగింపు

ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే దారిలో మొదటి మెట్టు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. దాన్ని శుభ్రం చేయడం, రంగు లేదా పూత వేయడం, తిరిగి ఇంజనుకు బిగించడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

భిలాయి పేరు వింటే ముందుగా ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తుంది. సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాత బతుకుతెరువు వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. కర్మాగారం ఉన్నచోట సరుకు ఉంటుంది, సరుకు ఉన్నచోట లారీ ఉంటుంది. ఇక్కడ బరువెత్తుకున్న లారీ రాయపూర్ మీదుగా కేష్కల్ ఘాట్ ఎక్కి, జగదల్పూర్, కోరాపుట్ దాటి, సాలూరు ఘాట్ దిగి విశాఖపట్నం చేరాలి. ఆ ఘాట్లలో మొదటి, రెండో గేరులో గంటల తరబడి మొరాయించే పాత ఇంజనుకు అసలు పరీక్ష మ్యానిఫోల్డ్ దగ్గరే జరుగుతుంది.

అక్కడి వర్క్‌షాపుల్లో తరచు వినిపించే మాట ఒకటి ఉంది. "మేస్త్రీ గారూ, ఫిట్‌నెస్‌కి వెళ్లాలి, మ్యానిఫోల్డ్‌కి కాస్త వెండి రంగు కొట్టి ఇవ్వండి" అంటాడు బండి యజమాని. అనుభవం ఉన్న మేస్త్రి, "రంగు తర్వాత చూద్దాం బాబూ, ముందు పొగ ఎక్కడ కారుతోందో చూడనీ" అంటాడు. ఈ పాఠం సారమంతా ఆ జవాబులోనే ఉంది.

మ్యానిఫోల్డ్, హెడర్: తేడా ఏమిటి?

మన పాత లారీల్లో ఎక్కువగా కనిపించేది పోత ఇనుముతో చేసిన మ్యానిఫోల్డ్. టాటా 697 ఇంజనునే తీసుకోండి. ఆరు సిలిండర్లు, ఒక్కో సిలిండరు వ్యాసం 97 మిల్లీమీటర్లు, మొత్తం సామర్థ్యం సుమారు 5.7 లీటర్లు. ఆరు సిలిండర్ల పొగనూ మ్యానిఫోల్డ్ ఒకచోట చేర్చి సైలెన్సర్ పైపుకు అందిస్తుంది.

హెడర్ అంటే పలుచని ఉక్కు గొట్టాలను వంచి, వెల్డింగ్ చేసి తయారుచేసినది. ఒక్కో సిలిండరుకు ఒక్కో గొట్టం ఉంటుంది. ఒక సిలిండరు పొగ మరో సిలిండరుకు అడ్డం రాకుండా వెళుతుంది. వేగంగా తిరిగే పెట్రోలు ఇంజన్లకు, ముఖ్యంగా అమెరికా పికప్ బండ్లకు, దీనివల్ల కొంత లాభం ఉంటుంది. నెమ్మదిగా తిరిగే బరువు డీజిల్ ఇంజనుకు ఆ లాభం చాలా తక్కువ. పలుచని గొట్టం త్వరగా తుప్పు పడుతుంది, అదురుకు పగులుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిలో మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను అడ్డుకుంటుంది. అందువల్ల పాత లారీకి తగిన మార్గం, ఉన్న పోత ఇనుము మ్యానిఫోల్డ్‌ను బాగుచేసుకోవడమే. రంగు, పూత, బిగింపుల సూత్రాలు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే.

వేడి ఏం చేస్తుంది?

ఇంజనులో కాలిన డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు పొగతో పాటు వేడిగా బయటికి పోతుంది. ఐడిల్‌లో ఆ పొగ వేడి 100 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఘాట్‌లో పూర్తి బరువుతో ఎక్కేటప్పుడు 500 నుంచి 600 డిగ్రీలు దాటవచ్చు. దీనివల్ల మూడు మార్పులు జరుగుతాయి.

మొదటిది, లోహం సాగుతుంది. 70 సెంటీమీటర్ల పొడవున్న పోత ఇనుము మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నీళ్లతో చల్లబడే సిలిండర్ హెడ్ అంతగా పెరగదు. ఈ తేడాను భరించడానికే మ్యానిఫోల్డ్ రంధ్రాలను స్టడ్ల కంటే కాస్త పెద్దవిగా పెడతారు. పొడవైన మ్యానిఫోల్డ్‌ను కొన్ని ఇంజన్లలో ముక్కలుగా చేసి, ఒకదానిలో ఒకటి జారేలా అమర్చుతారు.

రెండోది, లోహం పైభాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొలుసు కడుతుంది. ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన దిమ్మె పైనుంచి రాలే పొలుసు కూడా ఇటువంటిదే.

మూడోది, వేడి చుట్టుపక్కలకు ప్రసరిస్తుంది. 300 డిగ్రీల వద్ద ప్రసరించే వేడితో పోలిస్తే 600 డిగ్రీల వద్ద అది ఐదు రెట్లకు పైగా ఉంటుంది. దగ్గరలో ఉన్న డీజిల్ పైపుకు, వైరింగుకు, క్యాబిన్ అడుగుభాగానికి ప్రమాదం ఇక్కడి నుంచే వస్తుంది.

విప్పడం, పరీక్షించడం

నట్టు బిగుసుకుపోతే పొడవాటి పైపు తొడిగి బలం చూపకండి. స్టడ్ విరిగితే ఒక పూట పని మూడు రోజులవుతుంది. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే వేసి నానబెట్టండి. అప్పటికీ కదలకపోతే నూనె తుడిచేసి, నట్టును మాత్రమే వేడిచేసి, ముందు కొద్దిగా బిగించే వైపు, ఆపైన విప్పే వైపు కదపండి. వేడిచేసే ముందు డీజిల్ పైపులు కారడం లేదని చూసుకుని, నిప్పునార్పే సిలిండరు పక్కన పెట్టుకోండి.

పాత ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ప్రాణాంతకమైన జబ్బులు రావచ్చు. అందుకే పాత ప్యాకింగును పొడిగా గీకకూడదు, గాలి కొట్టకూడదు. నీళ్లతో తడిపి తీసి, సంచిలో కట్టి పారేయాలి.

బయటికి తీసిన మ్యానిఫోల్డ్‌లో పగుళ్లు వెతకండి. నల్లటి మసి చార కనబడితే పొగ అక్కడి నుంచే కారుతున్నట్లు. తర్వాత తిన్నని స్టీలు పట్టీని అన్ని ముఖాల మీదా కలిపి ఆనించి, ఫీలర్ గేజ్‌తో సందు చూడండి. సర్వీసు పుస్తకంలో ఇచ్చిన హద్దు కంటే వంపు ఎక్కువగా ఉంటే మెషీన్ మీద ముఖం చదును చేయించాలి. పగిలినదానికీ వంగినదానికీ రంగు మందు కాదు.

శుభ్రం చేయడం

నూనె జిడ్డును ముందు కడిగేయాలి. తర్వాత తుప్పు, పొలుసు పోయేలా వైరు బ్రష్‌తో రుద్దాలి. బ్లాస్టింగ్ చేయిస్తే మరీ మంచిది. మామూలు ఇసుకతో మాత్రం బ్లాస్టింగ్ వద్దు. ఇసుక దుమ్ము వల్ల సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. స్టీలు గ్రిట్ లేదా గార్నెట్ వాడే చోటికి పంపండి. పని ముగిశాక లోపల ఒక్క రేణువు కూడా మిగలకుండా గాలి కొట్టాలి. టర్బో ఉన్న ఇంజనులో ఆ రేణువు నేరుగా టర్బైన్ రెక్కలకు తగులుతుంది.

శుభ్రమైన ఇనుమును వానాకాలంలో ఒక రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. కాబట్టి శుభ్రం చేసిన రోజే రంగు వేయండి.

ఏ రంగు? ఏ పూత?

మామూలు ఎనామెల్ రంగులో జిగురుగా ఉండే రెసిన్ 150 డిగ్రీలు దాటేసరికి మాడిపోతుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ సంగతీ అంతే. అందువల్ల అడుగున ప్రైమర్ వేయకుండా, సిలికోన్ రెసిన్‌లో అల్యూమినియం పొడి కలిపిన రంగును నేరుగా ఇనుము మీద వేయాలి. వేడిని తట్టుకునే అల్యూమినియం రంగులకు ఐ.ఎస్. 13183 అనే భారతీయ ప్రమాణం ఉంది. కొనేటప్పుడు డబ్బా మీద 600 డిగ్రీల రకమా, తక్కువ వేడి రకమా చూసుకోండి. పేరు ఒకటే అయినా పని వేరు.

రంగు మందంగా ఉంటే గట్టిదని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది తప్పు. ఒక్కో పొర 20 నుంచి 25 మైక్రాన్లు మించకుండా రెండు పొరలు చాలు. మందమైన పొర ఇనుముతో పాటు సాగలేక రేకులుగా ఊడిపోతుంది. సిలిండర్ హెడ్‌కు ఆనే ముఖం మీద, స్టడ్ రంధ్రాల్లో, లోపలి భాగంలో రంగు పడకుండా టేపు అంటించండి.

ఈ రంగు గాలికి ఆరినట్లు కనిపించినా గట్టిపడదు. అందుకు సుమారు 200 డిగ్రీల వేడి కావాలి. ఎంతసేపు అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది. ఓవెన్ లేకపోతే ఇంజను వేడితోనే గట్టిపరచవచ్చు. అయితే ఐడిల్‌లో అంత వేడి రాదు కనుక, బండి బరువుతో కొంతదూరం నడిచేదాకా రంగు పచ్చిగానే ఉందనుకోండి. అప్పటిదాకా దాని మీద డీజిల్ ఒలకనివ్వకండి. మొదటిసారి పొగ, వాసన వస్తాయి. షెడ్డు బయట, తలుపులు తీసి నడపండి.

సిరామిక్ పూత మరింత ఖరీదైనది. వేడిని లోపలే నిలిపి, బానెట్ కింద వేడి తగ్గిస్తుంది. అయితే బ్లాస్టింగ్, ప్రత్యేక యంత్రాలు కావాలి. జింకు పూత మాత్రం ఎప్పుడూ వేయించకండి. జింకు 419 డిగ్రీలకే కరిగిపోతుంది. గొట్టాలకు చుట్టే ఫైబర్‌గ్లాస్ పట్టీ కూడా జాగ్రత్తగా వాడవలసిందే. అది తేమను పట్టి ఉంచుతుంది, నూనె పీల్చుకుంటే అంటుకుంటుంది.

బిగించే క్రమం

1. స్టడ్ల మరలు శుభ్రంచేసి, వేడికి పట్టుకుపోకుండా ఉండే రాగి లేదా నికెల్ పేస్టు పలుచగా రాయండి. టార్క్ విలువ పొడి మరకా, పేస్టు రాసిన మరకా అన్నది సర్వీసు పుస్తకంలో చూసుకోండి.
2. కొత్త ప్యాకింగ్, కొత్త నట్లు వాడండి. ప్యాకింగ్‌కు లోపలి వైపు, బయటి వైపు ఉంటే గుర్తు చూసి పెట్టండి.
3. ముందు అన్ని నట్లనూ చేత్తో తిప్పండి. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ చివరలకు వెళుతూ మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించండి. చివరల నుంచి మొదలుపెడితే మధ్యలో సందు మిగిలిపోతుంది.
4. సైలెన్సర్ పైపును ఆ తర్వాతే కలపండి. పైపు బరువు మ్యానిఫోల్డ్ మీద వేలాడకుండా క్లాంపు ఉండాలి. విప్పిన హీట్ షీల్డును మరచిపోకుండా తిరిగి పెట్టండి.
5. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేసి, అతుకుల దగ్గర సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు వస్తే కారుతున్నట్లు. వేడెక్కాక ఈ పరీక్ష చేయకండి.
6. ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్లీ చూడండి.

ఎందుకింత జాగ్రత్త?

చల్లని ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్‌మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోతుంటే అది మ్యానిఫోల్డ్ లీకు కావచ్చు. చప్పుడు తగ్గింది కదా అని చాలామంది వదిలేస్తారు. ఆ పొగ క్యాబిన్ అడుగు సందుల్లోంచి పైకి వస్తుంది. దానిలో మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. చలిరాత్రి ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు ఎత్తుకుని క్యాబిన్‌లో నిద్రపోయే డ్రైవరుకు, క్లీనరుకు ఈ లీకు ప్రాణాంతకం కావచ్చు. ఫిట్‌నెస్ పరీక్ష ఒక్కరోజుతో అయిపోతుంది. ఆ పొగ పీల్చేవారు మాత్రం రోజూ పీలుస్తూనే ఉంటారు.

సారాంశం

మ్యానిఫోల్డ్ పనిలో వరుస ముఖ్యం: లీకు వెతకడం, ముఖం చదును చూడడం, శుభ్రం చేయడం, పలుచని సిలికోన్ అల్యూమినియం రంగు వేయడం, మధ్య నుంచి చివరలకు బిగించడం, చల్లారాక మళ్లీ చూడడం. రంగు ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. మనిషిని పొగ నుంచి కాపాడేది మాత్రం సరైన బిగింపే.

ప్రశ్నలు

1. మ్యానిఫోల్డ్ రంధ్రాలు స్టడ్ల కంటే పెద్దవిగా ఎందుకుంటాయి?
2. మందమైన రంగు పొర ఎందుకు ఊడిపోతుంది?
3. ఐడిల్‌లో నడిపినంత మాత్రాన రంగు ఎందుకు గట్టిపడదు?
4. మీ దగ్గరలోని వర్క్‌షాపుకు వెళ్లి, విప్పిన మ్యానిఫోల్డ్ ఒకటి పరిశీలించి, మసి చారలు ఎక్కడున్నాయో బొమ్మ గీయండి.